ఒంటె తల నాణెం సర్టిఫికేషన్: నా అనుభవం

నా 1787 న్యూజెర్సీ రాగి నాణెం గ్రేడింగ్ (అసలుదో కాదో, ఏ స్థితిలో ఉందో ఒక కంపెనీ పరీక్షించి చెప్పడం) అయ్యి నిన్ననే ఇంటికొచ్చింది. అసలుదే, వీఎఫ్ 25, అంటే వెరీ ఫైన్, ఓ మోస్తరుగా అరిగిన స్థితి. మధ్యలో ఒక షాపతని మీద వచ్చిన కోపం చల్లారకముందే ఇది రాసేస్తున్నా.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం కాబట్టి ఈ నాణేలంటే నాకు ప్రాణం. అమెరికాకి ఇంకా టంకశాల లేని రోజుల్లో, 1786 జూన్‌లో, ముప్పై లక్షల రాగి నాణేలు కొట్టుకోమని న్యూజెర్సీ చట్టం చేసి కాంట్రాక్టు ఇచ్చింది. వాటిలో కొన్ని మా పక్కనున్న రాహ్‌వేలోనే తయారయ్యాయి. ఒకవైపు గుర్రం తల, దాని కింద నాగలి, రెండో వైపు డాలు. నాది ఒంటె తల రకం, అంటే గుర్రం మూతి అచ్చం ఒంటెలా ఉంటుంది.

వేలంలో కొనడం తేలికగానే అయిపోయింది. గ్రేడింగ్‌కి పంపేముందు ఒకసారి చూపిద్దామని దగ్గర్లోని ఒక నాణేల షాపుకి వెళ్ళా, అక్కడే తల కొట్టేసినట్టయింది. కౌంటర్ దగ్గర నలుగురు నిలబడి ఉండగా షాపతను నాణెం అటూ ఇటూ తిప్పి, లెన్స్ కూడా తీయకుండా, "దీన్నెవరో సుత్తితో కొట్టారు, ఇరవై డాలర్లిస్తా" అన్నాడు. డాలు పక్కన లీలగా కనిపించే అక్షరాలు చూపించి, అది దెబ్బ కాదండీ, అడుగున వేరే నాణెం ఉంది, కనెక్టికట్‌ది, దాని మీద మళ్ళీ ముద్ర కొట్టారు అని చెప్పా. ఒంటె తలల్లో ఇది మామూలే, కొత్త రాగి బిళ్ళలు చేసుకోవడం మానేసి చేతికి దొరికిన పాత నాణేల మీదే అచ్చు కొట్టేసేవాళ్ళు. అతను వినలేదు. "ఇది నీకెక్కడిది, రసీదు ఉందా?" అన్నాడు, గట్టిగా, అందరికీ వినపడేలా. పక్కాయనేమో తన పర్సు సర్దుకున్నాడు. రసీదు ఫోన్‌లో ఉంది, చూపించా, అయినా సారీ చెప్పలేదు. ముప్పై ఏళ్ళుగా వ్యాపారం చేస్తున్నాడట, మారిస్ నంబర్లంటే, అంటే న్యూజెర్సీ రాగి నాణేల ఒక్కో రకానికి మారిస్ అనే ఆయన ఇచ్చిన నంబర్లంటే, ఏంటో తెలీదు! సరుకు గురించి చదవనివాడు మనిషిని చూసి వెల కట్టడం నాకు అస్సలు నచ్చదు. ఆ అక్షరాలు నేను ఫొటోలోనే పట్టేశా, వేలంలో ఎవరూ గమనించలేదు, అది నా కష్టం.

తర్వాతంతా మామూలే: గ్రేడింగ్ కంపెనీ మెంబర్‌షిప్, ఫారం, విలువ ప్రకటించడం. రిజిస్టర్డ్ పోస్ట్‌కి మాత్రం కాగితం టేపే వాడండి, అతుకుల మీద ముద్ర వేస్తారు కాబట్టి ప్లాస్టిక్ టేపైతే వెనక్కిచ్చేస్తారు. లేబుల్ మీద మారిస్ 56-ఎన్ అని వచ్చింది, నేను ముందే రాసి పెట్టుకున్న నంబరే.

రాగి నాణేన్ని చింతపండుతో తోమమని మా బంధువొకావిడ సలహా ఇచ్చింది. చచ్చినా ఆ పని చేయకండి, గ్రేడింగ్‌లో క్లీన్డ్ (తోమేసింది) అని రాసేస్తారు, విలువ బాగా పడిపోతుంది. ప్రైవేటు టోకెన్లు, అంటే 1837 మాంద్యంలో చిల్లర దొరక్క వ్యాపారులు కొట్టించుకున్నవి, అంతర్యుద్ధం టోకెన్లు, వీటిలో మామూలు రకాలకి గ్రేడింగ్ ఫీజు దండగ. అట్టముక్క హోల్డర్లో పెట్టి తడి తగలకుండా దాచుకుంటే చాలు. అరుదైనవైతేనే పంపండి, షాపుల్లో ఎవరికీ చూపించకుండా నేరుగా పంపండి.