రెండు శ్రావణాలు

స్కూలుకి సెలవు పెట్టి పొద్దున్నే ఒంగోల్లో ప్యాసింజర్ ఎక్కాను. "వేటపాలెం వెళ్తున్నా" అంటే మా ఆయన వెంటనే "జీడిపప్పుకా?" అన్నారు. ఆయన తప్పేం లేదు, ఆ ఊరి పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది అదే. "కాదు, లైబ్రరీకి" అన్నాను. ఒక్క క్షణం ఆగి, "వచ్చేటప్పుడు ఒక కిలో గుండ్లు తీసుకురా" అన్నారు.

పని మా నాన్నది. ఎనభయ్యో పడి దగ్గరపడుతోంది కదా, ఈసారి పుట్టినరోజు తిథి ప్రకారం చేద్దామని హైదరాబాదులో ఉన్న మా చెల్లి పట్టు పట్టింది. సర్టిఫికెట్‌లో 1-7-1947 అని ఉంది. అది బళ్లో వేసేటప్పుడు అయ్యవారు రాసింది. ఆ తరంలో సగం మంది జులై ఒకటినే పుట్టారు మరి. అసలు తేదీ నాన్నమ్మ నోటి లెక్క: సర్వజిత్తు నామ సంవత్సరం, శ్రావణ పున్నమి. అంతే, ఇంకేం చెప్పలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేదు.

చెల్లి ఫోన్లో ఒక యాప్‌లో చూస్తే 1947 ఆగస్టు 2 అని వచ్చింది. ఇంకోదాంట్లో ఆగస్టు 31. రెండూ ఆగస్టే, మధ్యలో ఆగస్టు 15. అంటే మా నాన్న తెల్లవాళ్ల కాలంలో పుట్టాడా, స్వతంత్ర భారతంలో పుట్టాడా అనేది తేలాలన్నమాట. "నేను బ్రిటిష్ ఇండియాలో పుట్టినవాణ్ణి" అని నాన్న ఇన్నాళ్లూ మామీద వేసిన డాబంతా దీని మీదే ఆధారపడి ఉంది. అప్పటి పంచాంగమే కళ్లతో చూస్తే పోతుంది కదా అనిపించింది. నిజం చెప్పాలంటే పంచాంగం ఒక వంక. చీరాలలో పుట్టి పెరిగి కూడా పక్కనే ఉన్న సారస్వత నికేతనంలో ఒక్కసారైనా స్థిమితంగా కూర్చోలేదు నేను.

1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు పెట్టిన గ్రంథాలయం అది. ఇప్పుడున్న భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర కూడా ఇక్కడే భద్రంగా ఉంది. చిన్నప్పుడు మమ్మల్ని తీసుకొచ్చిన టీచరు ఆ కర్ర చూపించి, అదే వరసలో బయటికి నడిపించుకుపోయారు. అందుకని ఈ లైబ్రరీ అంటే నాకు చాలా ఏళ్లు కర్రే. వేల పుస్తకాల మధ్య నిలబడి ఒక కర్ర చూసి వెళ్లిపోయామంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

లోపల పెద్దాయన ఒకాయన ఏం కావాలో అడిగారు. చెప్పాను. "జాతకమా, పెన్షనా?" అన్నారు. పాత పంచాంగాలూ పాత పేపర్లూ అడిగేవాళ్లు ఈ రెంటిలో దేనికో ఒకదానికే వస్తారట. పుట్టినరోజుకని చెబితే కాస్త నిరాశపడ్డట్టు కనిపించారు. చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని రమ్మన్నారు. గ్లవ్స్ ఇస్తారేమో అనుకున్నా. "గ్లవ్స్ వేసుకుంటే కాగితం అంచు వేలికి తెలీదమ్మా, చింపేస్తారు" అన్నారు. సినిమాల్లో చూసిందంతా తప్పేనన్నమాట.

ముందు 1947 దినపత్రికల బైండు తెచ్చారు. దాన్ని మోయడానికే ఇద్దరు కావాలి. తెరవగానే ఆ వాసన... నాఫ్తలీన్, పాత జిగురు, దుమ్ము కలిసిన వాసన. కాగితం తేనె రంగుకి తిరిగి, అంచులు అప్పడంలా ఉన్నాయి. ఒక పేజీ తిప్పితే చిన్న ముక్క ఒకటి విరిగి నా చీర మీద పడింది. గుండె గుభేలుమంది. ఆయన ఏమీ అనలేదు, ఆ ముక్క తీసి ఒక కవర్లో వేసి బైండులో పెట్టారు. అలాంటి కవర్లు అప్పటికే అందులో నాలుగైదున్నాయి.

పేపరుకి వాడేది చౌక కాగితం. కలపగుజ్జులో ఉండే పదార్థమే ఏళ్ల తరబడి గాలికీ వెలుతురికీ కాగితాన్ని పసుపు చేసి పెళుసెక్కిస్తుంది. తాటాకు సంగతి వేరే. గంటంతో గీసి, మసి రుద్ది, ఏటా నిమ్మగడ్డి నూనె పట్టిస్తే మూడు నాలుగు వందల ఏళ్లు ఉంటుంది. నిన్నమొన్నటి పేపరు మాత్రం మన కళ్లముందే పొడైపోతుంది. ఒక పేజీలో మొదటి కాలమ్ నుంచి వెనక పాతిక పేజీల దాకా సూదితో గుచ్చినట్టు సన్నటి కన్నం. అదే రామబాణం పురుగా అని అడిగాను. "కాదమ్మా, రామబాణం పైపైన గీకి తింటుంది, ఇలా తొలిచేది వేరే" అన్నారు. పురుగుల్లో కూడా ఇన్ని రకాల పాఠకులు.

రెండేళ్ల కిందట తంజావూరు సరస్వతీ మహల్ చూసినప్పుడు ఇలా లేదు. అక్కడ మనం చూడగలిగింది మ్యూజియం భాగమే, అన్నీ అద్దాల వెనక. శరభోజి మహారాజు యూరప్ నుంచి పుస్తకాలు తెప్పించుకుని వాటి మీద ఇంగ్లీషులో సంతకం పెట్టుకునేవాడు. నాయక రాజులు తెలుగులో రాసుకున్నారు కాబట్టి ఆ అరవదేశపు కోటలో తెలుగు తాటాకులు వందల్లో ఉన్నాయి. అదే తంజావూరు కొలువులో ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు వావిళ్లవారి చేత అచ్చు వేయిస్తే, ప్రభుత్వం అశ్లీలమని నిషేధించి కాపీలు పట్టుకుపోయింది. ఆ నిషేధం తీసేసింది మా ఒంగోలు ప్రకాశం పంతులుగారు, 1947లో. మా నాన్న పుట్టిన ఏడే. అప్పుడు దాడుల్లో తప్పించుకున్న కాపీ ఎవరింట్లోనైనా ఉంటే, బహుశా బియ్యం డబ్బా వెనకాలే దాచి ఉంటారు. రాజుగారి సంతకం ఉన్న పుస్తకాన్ని అందరూ జాగ్రత్తగానే చూస్తారు, దాని గురించి నాకు బెంగ లేదు. ఏడాది తిరగ్గానే పారేసే వాటిని ఎవరో పారేయకుండా ఉంచారే, ఆ బుర్ర ఎవరిదా అని నాకు ఆశ్చర్యం.

పంచాంగం సరిగ్గా అలాంటిదే. ఉగాది రాగానే పాతది పొట్లాలకి పోతుంది. పెద్దాయన తెచ్చిన సర్వజిత్తు పంచాంగానికి అట్ట లేదు, దారంతో కుట్టి ఉంది. శ్రావణం తీశాను. అక్కడ తెలిసింది అసలు విషయం. ఆ ఏడు శ్రావణాలు రెండు! ముందు అధిక శ్రావణం, తర్వాత నిజ శ్రావణం. అమావాస్యకీ అమావాస్యకీ మధ్య సూర్యుడు రాశి మారకపోతే ఆ నెల అధికం. ఒక యాప్ అధిక మాసం పున్నమి చూపించింది, ఇంకోటి నిజ మాసం పున్నమి. రెండూ కరెక్టే. ఆగస్టు 15 శుక్రవారం అధిక శ్రావణ బహుళ చతుర్దశి. ముహూర్తం మంచిది కాదని జ్యోతిష్కులు గొడవ చేశారనీ, అందుకే ఢిల్లీలో రాజ్యాంగ సభ సమావేశం ముందు రోజు రాత్రే మొదలుపెట్టారనీ చెబుతారు కదా, ఆ చతుర్దశి ఇదే.

అంతకంటే నన్ను పట్టేసింది మార్జిన్. ఆ పంచాంగం ఎవరింట్లో ఉండేదో గానీ, ఆ ఇంటాయన ప్రతి తిథి పక్కనా పెన్సిల్‌తో ముక్కలు ముక్కలుగా రాసుకున్నాడు. "ఆవు ఈనింది." "పోలయ్యకు 12 రూ." "వాన." అక్షరాలు బొద్దుగా, కొమ్ములు పొడుగ్గా ఉన్నాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు పక్కన ఏం రాశాడా అని ఆత్రంగా చూశాను.

"నూలు రాలేదు."

అంతే. యుద్ధం రోజుల నుంచి నూలు మీద కంట్రోలు ఉండేదని మా తాతయ్య చెప్పగా విన్నాను. మగ్గం మీద బతికే ఊళ్లో నూలు రాకపోతే అదే పెద్ద వార్త. ఎందుకో ఆ రెండు మాటల దగ్గర చాలాసేపు ఉండిపోయాను. కింద ఇంకో పదహారు రోజులు దిగితే, నిజ శ్రావణ పున్నమి, ఆదివారం. పక్కన "మగ్గాలు బందు. జంధ్యాలు."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని చీరాలలో ఉన్న మా మేనత్తకి ఫోన్ చేశాను. నాన్న కంటే ఆరేళ్లు పెద్దది.

"అత్తయ్యా, నాన్న పుట్టిన రోజు మగ్గం ఆడిందా, ఆపేశారా?"

"ఇదేం ప్రశ్నే అమ్మాయ్!" అని నవ్వింది. తర్వాత తనే, "ఆడలేదే. ఆ పూట నాయన జంధ్యం మార్చుకుని వచ్చాడు. మగ్గం గుంటలో కూర్చుని ఆడుకుంటున్నా నేను. మగ్గం ఆడుతుంటే నన్ను గుంట దగ్గరికి రానిచ్చేవాళ్లా? మంత్రసాని వచ్చి తమ్ముడు పుట్టాడంది. లేవబోయి మగ్గం పలకకి తల కొట్టుకున్నా. ఇదిగో, ఇప్పటికీ మచ్చ ఉంది" అంది, ఫోన్లో నాకు కనిపిస్తుందన్నట్టు.

అధిక మాసంలో జంధ్యాల పున్నమి చేయరు. అయితే నాన్న పుట్టింది 1947 ఆగస్టు 31. తేలిపోయింది. లోపలికెళ్లి పెద్దాయనకి చెబితే ఆయన ముఖం ఇప్పుడు వెలిగింది. ఆ పెన్సిల్ పేజీ ఫొటో తీసుకోవచ్చా అని అడిగి తీసుకున్నాను. ఫ్లాష్ వద్దన్నారు.

మధ్యాహ్నం రెండైంది, ఆకలి. స్టేషన్ దారిలో ఇడ్లీ దొరికింది, పర్వాలేదు. గుండ్లు కిలో, బద్దలు అరకిలో కొన్నాను. ప్యాసింజర్ నలభై నిమిషాలు లేటు. ప్లాట్‌ఫాం మీద నుంచే నాన్నకి ఫోన్ చేశాను.

"నాన్నా, మీరు బ్రిటిష్ ఇండియాలో పుట్టలేదు. స్వాతంత్ర్యం వచ్చిన పదహారు రోజులకి పుట్టారు."

బాధపడతారేమో అనుకున్నా. అవతల నుంచి చప్పుడు లేదు. లెక్క వేస్తున్నారని అర్థమైంది. ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారు.

"ఆగస్టు 31 అంటున్నావు."

"అవును."

"జులై ఒకటి ప్రకారం నన్ను 2005 జూన్ 30న ఇంటికి పంపేశారు. అసలైతే ఆగస్టు 31 దాకా ఉండాలి." కాసేపాగి, "రెండు నెలల జీతం పోయిందే!" అన్నారు.