చుక్కలా కనిపించేది తిరుగుతుంటే

16వ శతాబ్దపు స్పానిష్ కవి ఫ్రాయ్ లూయిస్ దె లెయోన్‌కు రాత్రి ఆకాశమంటే చెక్కుచెదరని ప్రశాంతత. చీకటంతా కింద భూమ్మీదే. ఇటలీ తత్వవేత్త జొర్డానో బ్రూనో 1584లో నక్షత్రాలన్నీ సూర్యుళ్లే, లోకాలకు అంతు లేదన్నాడు. 1600లో రోమ్‌లో అతన్ని సజీవ దహనం చేశారు (కారణం ఆ వాదం ఒక్కటే కాదు లెండి, మతసిద్ధాంత ఆరోపణలూ ఉన్నాయి). గ్రహశకలం ఎంతసేపటికోసారి తిరుగుతుందో తెలుసుకోవడానికి దాని వెలుగు కొలిచే రాత్రుల్లో ఇద్దరూ గుర్తొస్తారు.

ఈరోస్ అనే గ్రహశకలం సంగతే చూడండి. పొడవు సుమారు 34 కి.మీ., వెడల్పు 11. టెలిస్కోపులో మాత్రం ఉత్త చుక్క. 5 గంటల 16 నిమిషాలకోసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. వెడల్పాటి పక్క రెండుసార్లు మనవైపు వస్తుంది కాబట్టి ఒక్క భ్రమణంలో వెలుగు రెండుసార్లు పెరుగుతుంది. కొత్తవాళ్లు ఒక్క శిఖరాన్నే లెక్కేసి సగం కాలం చెప్పేస్తారు.

ఫొటో ఎక్స్‌పోజర్ ఎక్కువైతే కదిలే శకలం గీతలా సాగుతుంది. శకలం వెలుగును పక్కనున్న నక్షత్రాలతో పోల్చి కొలుస్తాం; ఆ నక్షత్రాలు సూర్యుడి రంగులోవే ఉండాలి, నాలుగైదు చాలు. ఎర్రవి తీసుకుంటే శకలం దిగంతానికి దిగేకొద్దీ గాలి పొర మందమై లేని మార్పు కనిపిస్తుంది. దూరం మారుతుంటుంది కాబట్టి చూసిన సమయంలోంచి కాంతి ప్రయాణ కాలాన్నీ తీసేయాలి: ఒక ఖగోళ ప్రమాణానికి (భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం) 499 సెకన్లు. రోజూ ఒకే చోటి నుంచి చూస్తే మధ్యలో ఎన్ని చుట్లు తిరిగిందో తేలక లెక్క తప్పుతుంది. వేరే రేఖాంశం నుంచి డేటా కావాలి.

శకలం ధ్రువం, అంటే అది తిరిగే అక్షం కొస, మనవైపు తిరిగి ఉన్నప్పుడు వెలుగు దాదాపు మారదు. అప్పుడు ఎంత పొడవాటి శకలమైనా గుండ్రటిదే అనిపిస్తుంది.