చూశావా, విన్నావా?

ఇస్తాంబుల్‌లో మా ఇంటి ఓనరమ్మ, పై అంతస్తు ఆయన ఊరెళ్లాడా అని అడిగింది. "గిత్తి" అన్నాను, వెళ్లాడు అని. "నువ్వు చూశావా?" అంది. లేదు, వాచ్‌మన్ చెప్పాడు. "అయితే గిత్మిష్ అనాలి" అంది, కాస్త నొచ్చుకున్నట్టు.

టర్కిష్‌లో కళ్లారా చూసినదానికి క్రియ చివర 'ది' లేదా 'తి', విన్నదానికీ ఊహించినదానికీ 'మిష్'. పొద్దున్నే వీధి తడిగా కనిపిస్తే "యామూర్ యామిష్", వాన పడ్డట్టుంది. తెలియకుండా కునుకు పట్టేస్తే తమ గురించే "ఉయుముషుమ్" అంటారు, నిద్రపోయినట్టున్నాను అని. నాకిది ఎంత నచ్చిందో!

మనకీ 'వెళ్లాడట' ఉంది. ఆ 'ట' వదిలేసినా ఎవరూ అడగరు. ఆ రోజు అబద్ధమాడాలనుకోలేదు, కానీ చూడనిదాన్ని చూసినట్టే చెప్పాను. ఇప్పుడు అమ్మతో ఫోన్లో ఊరి కబుర్లు చెప్పుకునేటప్పుడు కూడా ఆ 'ట' దగ్గర ఒక్క క్షణం ఆగుతున్నాను.