బండి తీయడానికి ముందు

ఉండి, ఆకివీడు, కైకలూరు ప్రాంతాల్లో చెరువు ఉన్న ప్రతి రైతుకూ సున్నంతో పని ఉంటుంది. చెరువు ఎండగట్టినప్పుడు అడుగు మట్టి బాగుపడటానికి, నీరు పెట్టిన తరువాత పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) సరిచేయడానికి బస్తాల లెక్కన చల్లుతాము. చల్లే మనిషి ముక్కుకూ నోటికీ తువ్వాలు చుట్టుకుంటాడు గాని కళ్లకు ఏ అడ్డూ పెట్టుకోడు. గాలి ఒక్కసారి అటుదిటయితే పొడి నేరుగా కంట్లో పడుతుంది. అప్పుడు గట్టు మీద అందరి నోటా వచ్చే మాట "బండి తీయండి" అన్నదే. బండి తీయడానికి ముందు, ఉన్నచోటనే కన్ను కడగాలి. చూపు దక్కడం చాలావరకు దాని మీదనే ఆధారపడి ఉంటుంది.

తడిసిన సున్నం గాఢమైన క్షారం; దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది, కన్నీటిది సుమారు 7. ఆమ్లం పడినప్పుడు కంటి పైపొరలోని మాంసకృత్తులు గడ్డకట్టి, మిగిలిన ఆమ్లం లోపలికి దిగకుండా కొంతవరకు అడ్డుపడతాయి. క్షారం అలా ఆగదు; కణాల పొరల్లోని కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోలోపలికి పోతుంది. ఐస్ ఫ్యాక్టరీల్లోను, రొయ్యల ప్లాంట్లలోను వాడే అమోనియా ఈ విషయంలో అన్నింటికంటె వేగమైనది. సున్నం దానికంటె నెమ్మది గాని మహా మొండిది: నలుసులు పైరెప్ప లోపలి మడతలో చిక్కుకుని, కన్నీటిలో కొద్దికొద్దిగా కరుగుతూ, కడగడం ఆపిన తరువాత కూడా కాలుస్తూనే ఉంటాయి.

ముఖం మీది పొడిని ముందు దులిపివేయాలి. తరువాత మనిషిని పడుకోబెట్టి, దెబ్బతిన్న కన్ను కిందివైపుకు వచ్చేలా తల వాల్చి, ఒకరు రెండు రెప్పలనూ విడదీసి పట్టుకోగా మరొకరు కనీసం అరగంట సేపు ధార ఆగకుండా నీళ్లు పోయాలి. నొప్పికి రెప్ప బిగుసుకుపోతుంది కనుక తనంతట తాను కడుక్కుంటే చాలదు. తాగడానికి కొనుక్కునే 20 లీటర్ల టిన్ను ఇందుకు చక్కగా సరిపోతుంది. అది లేకపోతే బోరు నీళ్లు, అవీ లేకపోతే కాలువ నీళ్లయినా సరే, మంచినీటి కోసం ఆగకూడదు. ఊళ్లోని ఆర్ఎంపీ గారిని చుక్కల మందు అడగడం కంటె సెలైన్ బాటిల్, దాని గొట్టం అడగడం మేలు, ఆటోలో దారి పొడుగునా కడుగుతూ వెళ్లవచ్చు. సున్నానికి విరుగుడని నిమ్మరసం పిండడం, చల్లదనానికని ఆముదమో చనుబాలో వేయడం పనికిరావు.

ఆసుపత్రిలో పీహెచ్ కాగితంతో పరీక్షించి, అది మామూలుకు వచ్చేవరకు మళ్లీ కడుగుతారు. పైరెప్పను రెండు మడతలుగా తిరగేసి, మిగిలిన నలుసులను దూది పుల్లతో తీస్తారు. గాయాన్ని బట్టి యాంటీబయాటిక్, స్టెరాయిడ్ చుక్కలు, సి విటమిన్ ఇస్తారు. ఆ స్టెరాయిడ్‌ను ఎప్పుడు తగ్గించాలో డాక్టరే చెప్పాలి. పాత చీటీతో మందుల షాపులో కొని పొడిగించుకుంటే నల్లగుడ్డు కరిగి పలచబడే ప్రమాదం ఉంది. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. కన్ను ఎర్రగా ఉంటే భయపడి, తెల్లగా ఉంటే ధైర్యపడతాము. నిజానికి కాలిన కన్ను పాలిపోయి తెల్లగా ఉంటే నల్లగుడ్డు అంచున రక్తప్రసారం ఆగిపోయిందని అర్థం, నొప్పి తక్కువగా ఉన్నా అది పెద్ద గాయమే.

నల్లగుడ్డు పైపొరను ఎప్పటికప్పుడు కొత్తది చేసే మూలకణాలు ఉండేది ఆ అంచులోనే. అవి చచ్చిపోతే తెల్లగుడ్డు మీది పొర, రక్తనాళాలు నల్లగుడ్డు మీదికి పాకి చూపును కప్పేస్తాయి. రెండో కన్ను బాగుంటే దాని అంచు నుంచి చిన్న ముక్క తీసుకుని, సన్నని ముక్కలుగా చేసి, ఉమ్మనీటి సంచి పొర మీద పరచి నాటే పద్ధతిని హైదరాబాదులోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు 2012లో ప్రకటించారు. అయితే గాలికి ఎదురు నిలబడి చల్లిన మనిషికి రెండు కళ్లలోనూ సున్నం పడవచ్చు. అప్పుడు రక్తసంబంధీకుల కంటి నుంచి గాని, దానంగా వచ్చిన కంటి నుంచి గాని ఆ కణాలు తీసుకోవాలి, శరీరం వాటిని తిప్పికొట్టకుండా చాలాకాలం మందులు మింగుతూ ఉండాలి.