తెల్లచుక్క పోయేదాకా

గరిటెలోని సగ్గుబియ్యపు గింజల లోపల తెల్లచుక్క ఇంకా కనిపిస్తూనే ఉంది కనుక, ఈ సాయంత్రం మా పిన్ని ఎంత తొందరపెట్టినా పాయసాన్ని పొయ్యి మీద నుండి దించలేదు. కర్రపెండలం దుంప పిండితో చేసిన ఆ గింజ, వేడికి నీటిని పీల్చుకొని ఉబ్బి, లోపలి దాకా ఉడికినప్పుడే పూర్తిగా పారదర్శకమవుతుంది.

విశాఖలో ఉంటూ అనకాపల్లి బెల్లాన్ని కాదని పంచదార వేయడం నాకు ఇష్టం ఉండదు. అయితే మరిగే పాలలో బెల్లం వేస్తే పాలు విరిగే ప్రమాదం ఉన్నందున, దానిని విడిగా కరిగించి, వడకట్టి, పాయసం కాస్త చల్లారిన తరువాతే కలిపాను.

చల్లారేకొద్దీ ఇది గట్టిపడుతుంది. పిన్ని రెండవసారి అడిగేసరికి మరికొన్ని కాచిన పాలు పోయవలసి వచ్చింది.