దండం పెట్టనన్న అమ్మాయి

ఈ వేసవిలో కాలిఫోర్నియా నుంచి విశాఖ వెళ్ళినప్పుడు, సీతమ్మధారలో మా పెదనాన్నగారి కాళ్ళకు దండం పెట్టనంది మా పెద్దమ్మాయి. "ఆయన వాళ్ళ అమ్మను రేకుల గదిలో ఉంచారని నువ్వే చెప్పావు కదమ్మా" అంది.

చెప్పాను, నిజమే. మా మామ్మ ఇల్లు పెద్దకొడుకు పేరిట రాసిచ్చింది. రిజిస్ట్రేషన్ అయిన కొంతకాలానికే ఆమె మంచం పెరటి గదికి చేరింది. విశాఖ ఉక్కపోత ఎరిగినవారికి ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల కింద ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో గిన్నెలతో కలిసిపోకుండా ఆమె స్టీలు పళ్ళెం మీద, గ్లాసు మీద పేరు చెక్కించారు. సెలవులకు వెళ్ళినప్పుడు ఆ అక్షరాలను వేలితో తడిమేదాన్ని. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చేనాటికి ఆమె లేదు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని మాట తప్పితే ఆ దస్తావేజు చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించే వీలు ఆ చట్టంలో ఉంది.

అయినా నేను పెదనాన్నగారి పక్షానే వాదించాను. ఎనభై దాటాయి, చెవులు వినబడవు, ఆ రోజుల్లో ఆయన ఇబ్బందులు ఆయనవి, కావాలని చేసి ఉండరు అన్నాను. అమ్మాయి ఊరుకోలేదు. అక్కడి చట్టంలో హత్యకు తీవ్రతను బట్టి ఫస్ట్ డిగ్రీ, సెకండ్ డిగ్రీ అని తరగతులు ఉంటాయని బడిలో, చంపే ఉద్దేశం లేకుండా ప్రాణం తీస్తే అది మరో నేరమని చదువుకుంది. "ముందే ఆలోచించి చేశారా, కోపంలో చేశారా, పట్టించుకోక చేశారా?" అని అడిగింది. పేరు చెక్కించడానికి మనిషిని పిలిపించారంటే ఆలోచించే చేశారని తనే తేల్చేసింది. నాకు జవాబు తోచలేదు.

2007 చట్టం కూడా ఉద్దేశాన్నే చూస్తుంది. సంరక్షణలో ఉన్న పెద్దలను పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే 3 నెలల వరకు జైలు, లేదా రూ. 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఆ ఉద్దేశమన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. మా నాన్నగారు విశాఖలోనే ఎం.వి.పి. కాలనీలో ఒంటరిగా ఉంటారు. వంటమనిషి వస్తుంది, మందులు ఇంటికే వస్తాయి, నేను రోజూ ఫోను చేస్తాను. వదిలించుకునే ఉద్దేశం నాకు లేదు. తనకూ లేదనే పెదనాన్నగారు అంటారు. నా విషయంలో ఉద్దేశాన్ని చూడాలంటాను, ఆయన విషయంలో వయసును చూడాలంటాను. తండ్రిని వృద్ధాశ్రమంలో చేర్చిన మా ఎదురింటి అబ్బాయి విషయంలో మాత్రం ఏదీ చూడను, తిట్టిపోస్తాను.

పిల్లలకు ఇలాంటి సంగతులు చెప్పకూడదని స్నేహితులు అంటారు. నేను ఒప్పుకోను. పెద్దల తప్పులు దాచి గౌరవించమంటే, అవి బయటపడ్డ రోజున పిల్లలు మనల్నీ నమ్మరు. కానీ అన్నీ చెప్పి, తీర్పు మాత్రం చెప్పవద్దనడం ఏం న్యాయం?

చివరికి నాన్నగారి దగ్గరే ఈ మాట ఎత్తాను. ఆయన చాలాసేపటికి అన్నారు: "నేను భిలాయ్‌లో ఉద్యోగం చేస్తూ నెలనెలా మనియార్డరు పంపేవాణ్ణి. అమ్మను తీసుకుపోలేదు. అన్నయ్య ఒక్కడినే అనకండి."

అమ్మాయి అక్కడే ఉంది. తాతయ్యను మాత్రం ఏ డిగ్రీ అని అడగలేదు.

సంక్రాంతికి మళ్ళీ వెళుతున్నాం. ఈసారి దండం పెట్టమని చెప్పను. పెట్టకపోతే మాత్రం నాకు కష్టంగానే ఉంటుంది.