రోబోలో గాలి ఎక్కడ కారుతోంది?

ఎఫ్‌ఆర్‌సీ (విద్యార్థుల ఫస్ట్ రోబోటిక్స్ పోటీ) రోబోలో గాలి ఒత్తిడి ట్యాంకు వైపు 120 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత), దాన్ని తగ్గించే రెగ్యులేటర్ దాటాక 60 పీఎస్‌ఐ మించకూడదు. ఎక్కడో లీకుంటే గాలి నింపే కంప్రెసర్ మాటిమాటికీ ఆన్ అయి బ్యాటరీని తినేస్తుంది.

తప్పు చాలాసార్లు గాలి ట్యూబు కొసలోనే ఉంటుంది. కత్తెరతో కోస్తే కొస నొక్కుకుపోయి కోలగా మారుతుంది. ట్యూబును తోసి బిగించే పుష్ ఫిట్టింగులోని ఓ-రింగు (రబ్బరు వలయం) దాన్ని చుట్టూ సమానంగా పట్టుకోలేదు. వంద రూపాయలో రెండొందలో పోసి ట్యూబ్ కట్టర్ కొనుక్కోండి. కోత ట్యూబుకు లంబంగా ఉండాలి. ఫిట్టింగులోకి తోస్తుంటే ముందు కాస్త అడ్డు తగులుతుంది, అక్కడే ఆగిపోతారు చాలామంది. ఇంకా గట్టిగా నెట్టి, వెనక్కి లాగి చూడండి. గీతలు పడ్డ కొసను సెంటీమీటరు కోసి పారేయండి. ఫిట్టింగు పక్కనే ట్యూబును వంచితే సీలు ఒకవైపు వదులవుతుంది.

ఫిట్టింగు మరల మీద టెఫ్లాన్ టేపు బిగించే దిశలోనే రెండు మూడు చుట్లు. కొసనున్న రెండు మరలు వదిలేయండి, లేకపోతే టేపు పీలికలు వెళ్లి, కరెంటుతో గాలి దారి మార్చే సోలెనాయిడ్ వాల్వులో ఇరుక్కుంటాయి.

పరీక్షకు గాలి నింపి, కంప్రెసర్ ఆపి, పది నిమిషాలు గేజి చూడండి. ముల్లు దిగితే కీళ్లకు సబ్బునీళ్లు రాయండి, వైర్ల మీద పడకుండా.

వాల్వు ఎగ్జాస్ట్ (గాలి బయటికి పోయే రంధ్రం) నుంచి ఆగకుండా బుస్సుమంటోందా? గాలంతా వదిలేసి, ఆ వాల్వు నడిపే సిలిండరుకు (గాలితో పిస్టన్ కదిలే గొట్టం) ప్రెషర్ లేని వైపు ట్యూబు పీకి, మళ్లీ నింపండి. సిలిండరు రంధ్రం నుంచి గాలొస్తే పిస్టన్ సీలు పోయినట్టు. రాకపోతే వాల్వునే అనుమానించాలి.